షెడ్డులో ముందు స్థిరపడాల్సింది వైస్

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పెరట్లో రేకుల షెడ్డు బాగా కుదిరింది, కిటికీ తూర్పు వైపు పెట్టించడం మంచి పని. కానీ ఒక ఫొటోలో ఇనప పట్టీని కాలి కింద తొక్కిపెట్టి గ్రైండర్‌తో కోస్తున్నావు. అది చూశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ముక్క జారి డిస్కు ఇరుక్కుంటే గ్రైండర్ ఎగిరి నీ మీదికే వస్తుంది నాన్నా. ముక్కను రెండు ఇనప దవడల మధ్య బిగించి పట్టే వైస్ వచ్చేదాకా ఆ గ్రైండర్ ముట్టుకోకు. డ్రిల్లు, గ్రైండరు, కట్టర్ అన్నీ కొనేసి వైస్‌ని ఆఖరికి మిగిల్చావు. నేనైతే వైస్ తోనే మొదలుపెట్టేవాణ్ని. అది ఉంటే ఒక ఆకురాయి, ఒక హ్యాక్సా, ఒక సుత్తితో సగం పనులు అయిపోతాయి. అది లేకపోతే ఎన్ని మెషిన్లున్నా ముక్కను పట్టుకోవడానికి రెండు చేతులూ చాలవు.

నువ్వడిగిన ప్రశ్నకి ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆన్‌లైన్‌లో చూసిన ఆ నాలుగంగుళాల (దవడ వెడల్పు) వైస్, చుట్టూ తిరిగే బేస్‌ది, వద్దు. దాని మీద 'హెవీ డ్యూటీ' అని రాసినంత మాత్రాన నమ్మకు, ఆ మాట ఎవరైనా దేని మీదైనా రాసుకోవచ్చు. బరువెంతో చూడు. మంచి ఆరంగుళాల వైస్ అటూ ఇటూగా ఇరవై కిలోలు తూగుతుంది. అదే కొలత చెప్పి పన్నెండు కిలోలే ఉంటే, ఎక్కడో ఇనుము తగ్గించారన్నమాట. గేట్లు, గ్రిల్లులు, మోటారు పంపు రిపేర్లు, పొలం సామాను చేస్తానన్నావు కాబట్టి నీకు ఆరంగుళాలది, అంటే 150 మిల్లీమీటర్లది కావాలి. చోటు మరీ ఇరుకైతే ఐదంగుళాలది. అంతకంటే చిన్నది తీసుకుంటే ఏడాది తిరగకుండా మళ్లీ కొంటావు. ఎనిమిదంగుళాలది నీ బల్ల మోయలేదు, చిన్న పనులకి చేతికి అడ్డం కూడా.

ఇక అది ఏ ఇనుముతో చేశారన్నది. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దుకాణంలో దీన్ని ఎవరూ విప్పి చెప్పరు.

బజార్లో దొరికే వైసుల్లో ఎక్కువ భాగం మామూలు బీడువి, అంటే పోత ఇనుమువి. బీడులో గ్రాఫైటు సన్నని రేకుల్లా ఉంటుంది. నొక్కితే తట్టుకుంటుంది, అదురును మింగేస్తుంది, కానీ లాగినా దెబ్బ కొట్టినా ఆ రేకుల వెంబడే పగులుతుంది. పగిలేముందు సాగదు, వంగదు, ఏ సూచనా ఇవ్వదు. నేను దీన్ని పుస్తకంలో చదవకముందే కళ్లారా చూశాను. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరిన కొత్తలో, షాఫ్టు ఒకటి బిగుసుకుపోతే వైస్‌లో పెట్టి, హ్యాండిల్‌కి రెండడుగుల పైపు తొడిగి బిగించాను. టప్‌మని కదిలే దవడ మెడ దగ్గర విరిగి, నా కుడి పాదానికి బెత్తెడు దూరంలో పడింది. విరిగిన చోట చూస్తే బూడిదరంగు గింజలు, లోపల గోరు పట్టేంత గుల్ల. పైన మాత్రం లప్పం పెట్టి నున్నగా రంగు వేసి ఉంది. తప్పు నాది కూడా, పైపు తొడగకూడదు. కానీ ఆ గుల్ల లేకపోతే ముందు హ్యాండిల్ వంగేది, మెడ విరిగేది కాదు.

బీడు కంటే మెరుగైనది ఎస్‌జి ఐరన్. దాన్నే డక్టైల్ ఐరన్ అంటారు. కరిగిన బీడులో కొద్దిపాటి మెగ్నీషియం కలిపితే గ్రాఫైటు రేకుల్లా కాకుండా గుండ్రటి గింజల్లా కడుతుంది. 1943లో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ ప్రయోగశాలలో కీత్ మిల్లిస్ దీన్ని కనిపెట్టాడు. తేడా ఎంతో అంకెల్లో చూడు. మామూలు బీడులో ఎఫ్‌జి 200 అనే రకం చదరపు మిల్లీమీటరుకి 200 న్యూటన్ల లాగుడుకి తెగిపోతుంది, అదీ దాదాపు ఏమీ సాగకుండా. ఎస్‌జి 500/7 అయితే 500 దాకా ఆగుతుంది, తెగేలోపు ఏడు శాతం సాగుతుంది. ఆ ఏడు శాతమే నీ పాదాన్ని కాపాడేది. కాబట్టి దుకాణంలో "ఇది సిఐనా, ఎస్‌జినా?" అని అడుగు. సిఐ అంటే మామూలు బీడే. ఖరీదు ఎక్కువే, అయినా నువ్వు సుత్తితో కొట్టే పనులు చేస్తానంటున్నావు గనక ఎస్‌జి తీసుకోమంటాను. ఉక్కు పోతవి, కొలిమిలో సాగగొట్టినవి ఇంకా గట్టివే గానీ ఇంటి పనికి అంత ఖర్చు అక్కర్లేదు. మన దేశంలో బెంచ్ వైసులకి ఐఎస్ 2586 అని ఒక ప్రమాణం ఉంది. ఆ నంబరు ఉందేమో చూడు. లేకపోతే నీ కళ్లతో, చేతులతో పరీక్షించుకోవడమే దారి.

బిగింపు ఎంత వస్తుందో ఒక లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు పైపు ఎందుకు తొడగొద్దంటున్నానో నీకే అర్థమవుతుంది. హ్యాండిల్ మీద నీ చెయ్యి స్క్రూ మధ్య నుంచి 250 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకో. ఒక చుట్టు తిప్పితే నీ చెయ్యి దాదాపు 1,570 మిల్లీమీటర్లు తిరుగుతుంది. ఆ చుట్టుకి దవడ కదిలేది ఆరు మిల్లీమీటర్లు. అంటే నీ బలం 260 రెట్లు అవుతుంది. రాపిడిలో ముప్పాతిక పోయినా, ఇరవై కిలోల బలంతో తోస్తే దవడల మధ్య 1,300 కిలోల బిగింపు ఉంటుంది. ఒట్టి చేత్తోనే టన్ను దాటిందన్నమాట. పైపు తొడిగితే అది రెండింతలు, మూడింతలు అవుతుంది. తయారీదారు హ్యాండిల్ పొడవు ఇచ్చింది మనిషి చెయ్యి ఎంత బలం పెట్టాలో లెక్కేసి. చేత్తో బిగించింది చాలకపోతే ముక్కను పట్టిన తీరులో లోపముంది, లేదా ఆ పనికి ఆ వైస్ చిన్నది.

ఆ బలమంతా మోసేవి స్క్రూ, దాని నట్టు. దవడల్ని పూర్తిగా తెరిచి కిందికి వంగి చూడు. స్క్రూ చుట్లు చతురస్రంగానో, పైన కొంచెం సన్నబడి మందంగానో ఉండాలి. మామూలు బోల్టు చుట్లలా కోసుగా ఉంటే అక్కడే వదిలేసి రా. నట్టు విడిగా ఉండి, అరిగితే మార్చుకునేలా ఉంటే మంచిది. చౌక వాటిలో వైస్ ఒంట్లోనే చుట్లు కోసేస్తారు, అవి అరిగాక వైస్ మొత్తం తుక్కే.

తిరిగే బేస్ సంగతి. చూడ్డానికి ఎంతో సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ ఒక పొడుగాటి కడ్డీని దవడల్లో పెట్టి వంచడానికి లాగితే, కడ్డీ బదులు వైసే తిరుగుతుంది. రెండు బోల్టుల రాపిడి మీద నిలబడ్డ బేస్ ఎంతని ఆపుతుంది? బరువు పనికి కదలని బేస్ కావాలి. మీ నాన్న తిరిగేదే కొనమంటున్నాడని రాశావు. మీ నాన్న మెకానిక్ షాపులో చూసింది చిన్న చిన్న సామాను కాబట్టి అలా అనిపించి ఉంటుంది. నీ పని వేరు. హ్యాండిల్‌ని వెనక్కి లాగితే గబుక్కున తెరుచుకునే క్విక్ రిలీజ్ కూడా వద్దు. అది వడ్రంగి పనికి బాగుంటుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో రెండు కాగితం ముక్కలు, ఒక చిన్న పాత ఆకురాయి పెట్టుకో. కాగితాలు దవడల రెండు చివర్లా పెట్టి మెల్లగా బిగించు. రెండూ ఒకేసారి పట్టాలి. ఒకటి పట్టి ఇంకొకటి ఊడివస్తే దవడలు సమంగా లేవు. తర్వాత దవడని సగం తెరిచి, కదిలే భాగాన్ని రెండు చేతులతో పట్టుకొని పైకీ కిందికీ, పక్కలకీ ఊపు. కొద్దిగా ఆడుతుంది, అది సహజం, కానీ లొడలొడమనకూడదు. దవడ ముఖానికి బిగించిన పలక, అంటే జా ప్లేటు, అంచు మీద దుకాణదారుని అడిగి ఆకురాయి ఒక్కసారి ఆడించు. జారిపోతే ప్లేటు గట్టిపరిచినట్టు, కొరికితే మెత్తటిది. ఆ ప్లేట్లు స్క్రూలతో బిగించినవై ఉండాలి, రేపు మార్చుకోవాలి కదా. రంగు మందంగా ఉన్న చోట్ల గోరుతో గీకి చూడు. మొహమాటపడకు. డబ్బు నీది.

పాతది దొరికితే కొత్తదానికంటే సంతోషిస్తాను. మూసేసిన ఫ్యాక్టరీల సామాను వేలంలో, పాత ఇనప సామాను దుకాణాల్లో ఒక్కోసారి ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ కంపెనీ వైసులు కనిపిస్తాయి. యాభై ఏళ్లు పనిచేసి ఇంకో యాభై చేస్తాయి. తుప్పుకి భయపడకు, కిరోసిన్, తీగ బ్రష్షు చాలు. చూడాల్సింది పగులు, వెల్డింగు. బీడు మీద వెల్డింగు మచ్చ కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకు. హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి, దవడ కదలకుండా ఎంత ఖాళీగా తిరుగుతుందో చూడు. పావు చుట్టు ఫర్వాలేదు. అర చుట్టు దాటితే నట్టు అరిగిపోయింది.

ఇప్పుడు బల్ల గురించి. నీ ఫొటోలో ఉన్న ప్లైవుడ్ బల్ల మీద ఎంత గొప్ప వైస్ పెట్టినా ఊగుతుంది. యాభై మిల్లీమీటర్ల యాంగిల్‌తో, అంటే ఎల్ ఆకారపు ఇనప కడ్డీతో, కాళ్లు చేయించు, పైన రెండంగుళాల నల్లతుమ్మ చెక్క వేయించు. బండి చక్రాలకి వాడిన చెక్క అది, దెబ్బకి బెదరదు. కాళ్లని నేలకి యాంకర్ బోల్టులతో దిగెయ్యి. వైస్ బల్ల మధ్యలో కాదు, ఒక కాలికి సరిగ్గా పైన రావాలి, అప్పుడే దెబ్బ నేలలోకి దిగుతుంది. మేకులు, చెక్క స్క్రూలు పనికిరావు. 12 మిల్లీమీటర్ల బోల్టులు చెక్క కిందిదాకా దించి, అడుగున ఇనప పట్టీ వేసి నట్టు బిగించు. కదలని దవడ లోపలి ముఖం బల్ల అంచు కంటే కాస్త బయటికి ఉండేలా చూసుకో. అప్పుడు నాలుగడుగుల కడ్డీని కూడా నిలువుగా దించి పట్టొచ్చు. ఇది తెలియక చాలామంది వైస్‌ని లోపలికి బిగించేసి, తర్వాత బల్లని కోసుకుంటారు.

ఎత్తు నీ ఒంటికి సరిపోవాలి. బల్ల ముందు నిటారుగా నిలబడి, మోచెయ్యి దవడ మీద ఆనించి, పిడికిలి పైకెత్తితే అది నీ గడ్డానికి తగలాలి. ఐటిఐలో ఫిట్టర్‌గా చేరిన మొదటి రోజు మా మాస్టారు అందరినీ వరసగా నిలబెట్టి ఇలాగే చూశారు. పొట్టిగా ఉన్నవాళ్ల కాళ్ల కింద చెక్క పలకలు వేయించారు. ఆ తర్వాత నెలల తరబడి ఒక ఇనప ముక్కను ఆకురాయితో చదును చేయడమే పని. మూలమట్టం పెట్టి కిటికీ వైపు ఎత్తితే సందులోంచి వెలుతురు రాకూడదు. వైస్ ఎత్తు సరిగ్గా ఉంటే భుజం కాదు, ఒళ్లంతా పని చేస్తుంది. సాయంత్రానికి నడుం పట్టదు.

వాడేటప్పుడు ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నీకు దూరంగా ఉండేది కదలని దవడ. సుత్తి దెబ్బ ఎప్పుడూ ఆ వైపుకే పడాలి. నీ వైపు దవడ మీద కొడితే ఆ దెబ్బంతా స్క్రూ, నట్టు తింటాయి. వెనక ఉన్న చిన్న దాగలి రివెట్లు, చిన్న పట్టీలు సరిచేసుకోవడానికి మాత్రమే. నునుపు సామాను పట్టేటప్పుడు దవడలకి అల్యూమినియం యాంగిల్ ముక్కలు తొడుగు, గంట్లు పడవు. మీ ఊరి ఉప్పుగాలికి దవడలు వారంలో ఎర్రబడతాయి, కాబట్టి రాత్రి తలుపు వేసేముందు నూనె గుడ్డతో ఒకసారి తుడిచెయ్యి. స్క్రూకి గ్రీజు పలచగా చాలు. మందంగా పూస్తే రజనంతా దానికే అంటుకుని, అదే ఆకురాయిలా చుట్లని అరగదీస్తుంది. 1941లో షికాగోలో మొదలైన విల్టన్ కంపెనీ చేసే కొన్ని వైసుల్లో స్క్రూ మొత్తం గుండ్రటి గొట్టం లోపల మూసి ఉంటుంది, రజను చొరబడకుండా. నీకు అది అక్కర్లేదు, వాడాక బ్రష్షుతో దులిపితే చాలు.

తొందరపడి ఆర్డరు పెట్టకు. వచ్చే నెల ఒక శుక్రవారం రాత్రి రైలెక్కితే శనివారం పొద్దున ఇక్కడ హైదరాబాద్‌లో దిగుతావు. పెద్దమ్మ టిఫిన్ పెట్టాక ఇద్దరం సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకి వెళ్దాం. నాలుగు దుకాణాలు తిరిగి, తెరిచి, మూసి, ఊపి చూసి తీసుకుందాం. తిరుగు ప్రయాణంలో ఇరవై కిలోలు మోయాలి గనక గట్టి గోనెసంచి ఒకటి తెచ్చుకో. వచ్చేముందు బల్ల ముందు నిలబడి, నేల నుంచి నీ మోచేతి దాకా ఎత్తు కొలిచి రాసుకుని రా. వైస్ ఎత్తు, పైచెక్క మందం అందులోంచి తీసేసి, బల్ల కాళ్లు ఎంత పొడుగు కోయించాలో ఇక్కడే లెక్క వేసి పంపుతాను.

ఇట్లు,
పెదనాన్న