పెడరెక్కలు విరిచి కట్టడం

సందేహం: ఒక కథలో "దొంగను పెడరెక్కలు విరిచి కట్టి తీసుకొచ్చారు" అని చదివాను. మనిషికి రెక్కలేమిటి? విరిచారంటే ఎముకలు విరగ్గొట్టారనా? "బేడీలు వేశారు" అంటే సరిపోదా?

సమాధానం: ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఆ దొంగ ఎముకలకేమీ కాలేదు.

రెక్క అంటే పక్షి రెక్కే కాదు, మనిషి చెయ్యి కూడా. రెక్కాడితే గాని డొక్కాడదు అంటాం. రెక్కల కష్టం అంటాం. రెక్క పట్టుకుని బయటికి గెంటారు అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు కదా!

ఇక 'పెడ'. వెనకవైపు, పక్కకు తిరిగిన, దారి తప్పిన అనే అర్థాల్లో ఇది మాటకు ముందు చేరుతుంది. తల వెనక భాగం పెడతల. తిప్పేసుకున్న మొహం పెడమొహం. పెడదారి, పెడర్థం సరేసరి. అలాగే వెనక్కి మడిచిన చేతులు పెడరెక్కలు. పాత తెలుగులో పెడకేలు అనే మాట కూడా ఉంది. కేలు అంటే చెయ్యే.

అసలు చిక్కు 'విరిచి' దగ్గరుంది. విరవడం అంటే ముక్కలు చెయ్యడమే అనుకుంటే, పెదవి విరిచినవాడి పెదవి ఏమైపోవాలి? ఒళ్ళు విరుచుకోవడం, రొమ్ము విరుచుకుని నడవడం, ఇవన్నీ వంచడం, సాగదీయడం, తిప్పడం. ఇక్కడా అంతే. రెండు చేతులూ బలవంతంగా వెనక్కి తిప్పి వీపు మీద కట్టేస్తారు. అలా కడితే ముడి కంటికి కనబడదు, పంటికి అందదు. తోసుకుని పారిపోదామన్నా చేతులు ముందుకు రావు.

బేడీలు, సంకెళ్ళు వస్తువుల పేర్లు. పెడరెక్కలు వస్తువు కాదు, చేతులుండే తీరు. బేడీలు చేతులు ముందుకు చాపించి కూడా వెయ్యొచ్చు. అందుకే ఒకదాని బదులు మరొకటి వాడితే కథలో బొమ్మే మారిపోతుంది. ఈ తేడా మరిచి కొందరు "పెడరెక్కలు వేశారు" అని రాస్తున్నారు. అది తప్పు. "పెడరెక్కలు విరిచి చేతులు వెనక్కి కట్టారు" అనేది తప్పు కాదు గాని, చెప్పిందే చెప్పడం. తాడు లేకుండా "పెడరెక్కలు విరిచి పట్టుకున్నారు" అనొచ్చు. ఎలా వాడినా మాటను మాత్రం విడగొట్టకండి. 'పెడ రెక్కలు' కాదు, 'పెడరెక్కలు'.