నెట్‌వర్క్ కార్డు పేరే కనిపించడం లేదు!

ప్రశ్న: మొన్న ఉరుముల వానలో కరెంటు పోయి వచ్చాక మా డెస్క్‌టాప్‌కి నెట్ రావడం లేదండీ. కంప్యూటర్‌లోని భాగాలన్నీ చూపే డివైస్ మేనేజర్‌లో, నెట్ కేబుల్ తగిలించే నెట్‌వర్క్ కార్డు పేరే లేదు. విండోస్ మళ్లీ వేయించమంటున్నారు, వేయించాలా?
– ఓ పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఆగండి, విండోస్ జోలికి అప్పుడే వెళ్లకండి. కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ మాత్రమే పోతే పసుపు గుర్తుతోనైనా ఏదో ఒకటి కనిపిస్తుంది, అసలు పేరే లేదంటే తేడా చాలావరకు హార్డ్‌వేర్‌లోనే. ముందు సిస్టమ్ ఆపి, పవర్ కేబుల్, నెట్ కేబుల్ రెండూ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోయాక పడుకున్న కార్డు లేచి కూర్చోవడం నేనే చాలాసార్లు చూశాను. ఊహూ అంటే, బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ఆన్‌బోర్డ్ లాన్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే నెట్‌వర్క్ కార్డు, ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి. విడిగా పెట్టిన కార్డయితే ఊడదీసి, అంచున ఉండే బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, వేరే స్లాట్‌లో పూర్తిగా దిగేలా నొక్కండి. ఇంత చేసినా పోర్టు దగ్గర లైటు కూడా వెలగలేదా? పిడుగు దెబ్బ నెట్ కేబుల్ గుండా వచ్చి చిప్‌ని కొట్టేసి ఉంటుంది. దానికి మదర్‌బోర్డు మార్చమంటే ఒప్పుకోకండి, మీ చెన్నైలోనే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి, యూఎస్‌బీ పోర్టుకి తగిలించి నెట్ కేబుల్ పెట్టుకునే యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే పని నడిచిపోతుంది. ఈసారి ఉరిమినప్పుడు మాత్రం ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా పీకండి.