మా అమ్మాయి ఇమ్యునాలజీ అంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. తెల్ల రక్తకణాల మీద ఉండే రిసెప్టర్లు (సంకేతాలు అందుకునే ప్రొటీన్లు) రోగనిరోధక వ్యవస్థను అదుపు చేస్తాయని క్లాసులో విన్నప్పటి నుంచి ఇమ్యునాలజీలో పరిశోధన చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మంచి పాఠమే పట్టుకుందండీ. ఇమ్యూనిటీ అనగానే అందరం పెంచుకోవడం గురించే మాట్లాడతాం. సమయానికి ఆపకపోతే అది సొంత ఒంటి మీదే పడుతుంది. ఆపేవాటిలో టి కణం అనే తెల్ల రక్తకణం మీదుండే పీడీ-1 రిసెప్టర్ ఒకటి. 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం దాన్ని గుర్తించింది. ఆ రిసెప్టర్ లేని ఎలుకలకు లూపస్ లాంటి జబ్బు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు, వచ్చింది. అంటే అది బ్రేకు. కొన్ని క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో ఆ బ్రేకే నొక్కేస్తాయి. టి కణం పక్కనే ఉన్నా ఏమీ చేయదు. ఆ రెండూ కలవకుండా అడ్డుపడే యాంటీబాడీలనే ఇప్పుడు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు, కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లకు ఇస్తున్నారు. సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కు, హోంజోకు కలిపి 2018లో నోబెల్ వచ్చింది.

అయితే ఈ మందులు అందరికీ పనిచేయవు. కొందరిలో పేగులు, థైరాయిడ్ దెబ్బతింటాయి. ఎవరికి ఎందుకన్నది తేల్చాల్సింది చాలా ఉంది. మీ అమ్మాయికి పని దొరికేది అక్కడే.

డిగ్రీ అయ్యాక గాట్-బి అనే ప్రవేశపరీక్ష రాసి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో చేరవచ్చు. ఆ రెండేళ్లలో ఫ్లో సైటోమెట్రీ అనే కణాల పరీక్ష చేతికి రావాలి. రక్తకణాలకు రంగుల యాంటీబాడీలు తగిలించి, ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నుంచి పంపుతారు. తెర మీద వేల చుక్కలు పడతాయి. పీడీ-1 ఉన్నవాటిని, లేనివాటిని వేరుచేసే గీత ఎక్కడ గీయాలో తెలియడమే అసలు నేర్పు. అది వస్తే ఎమ్మెస్సీతో కూడా బయోలాజిక్స్ (జీవకణాలతో తయారుచేసే మందులు) కంపెనీల్లో అవకాశాలుంటాయి.

పరిశోధనే కావాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, డబ్బు టెన్షన్ మీకు ఉండదు. పరిశోధన సంస్థలు హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ ఉన్నాయి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ మధ్యలో సంబంధాలు చూస్తూ తొందరపెట్టనని ఇప్పుడే ఆమెకు చెప్పండి. ఫీజు కన్నా ఆ మాటే తనకు పెద్ద అండ.

ఈలోగా సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉంటే, ఇది తనకు సరిపడే పనో కాదో ఆమే చెబుతుంది.