వేణ్ణీళ్లా, వేన్నీళ్లా?

సందేహం: ఇంట్లో షవర్‌కు థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించాం, వేడివీ చల్లవీ కలిపి నీళ్లను ఒకే వెచ్చదనంతో వదిలేది. ఏ పైపు ఏదో తెలియాలని ప్లంబర్ ‘వేడి నీరు’, ‘చల్లని నీరు’ అని చీటీలు అంటించాడు. మా అమ్మ వేణ్ణీళ్లు, చన్నీళ్లు అంటుంది. వేన్నీళ్లు అనడమూ విన్నాను. ఏది ఒప్పు? ఆ వాల్వ్‌ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ముందు మీ అమ్మగారికి నమస్కారం. ‘వేడి నీరు’ తప్పు కాదు. కానీ స్నానానికి వేడి నీరు పెట్టమని ఏ ఇంట్లో అంటారండీ? పాఠ్యపుస్తకం చదివినట్టుంటుంది. ఇప్పుడైతే ‘హాట్ వాటర్ పెట్టు’ అంటున్నారు, దానికంటే ఇదే నయం.

వేఁడి, నీళ్లు కలిసినప్పుడు మొదటి మాట చివరి ఇకారం జారిపోతుంది. డకారానికి మడతపడ్డ నాలుక నకారానికి సర్దుకునేలోపే రెండూ కలిసి ణ్ణ అయిపోతాయి. ఇలా చూస్తే వేణ్ణీళ్లే సరి. అయితే పొరుగున తమిళంలో వెన్నీర్ ఉంది, అక్కడ డకారం జాడే లేదు. మనకూ వేఁగు, వేసవి వంటి మాటల్లో వే కనిపిస్తూనే ఉంది. దాన్నే నీళ్లకు చేర్చారనుకుంటే వేన్నీళ్లనూ తోసిపుచ్చలేం. తమిళుల తణ్ణీర్ కథ ఇంకా తమాషా. తణ్ అంటే చల్లన, మొదట అది చన్నీళ్లే. రానురాను ఏ నీళ్లయినా తణ్ణీరే అయ్యాయి. మన చన్నీళ్లు మాత్రం చలవ వదులుకోలేదు. నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కొలువులో ఉండి, సంస్కృతం కొట్టినపిండి అయినా తెలుగు పలుకుకే పీట వేసిన తిక్కన తిరిగిన నేల మనది. ఇలాంటి జంటమాటలను విడగొట్టి చీటీల మీద అంటిస్తే నాకు మనసొప్పదు.

గోరువెచ్చన, నులివెచ్చన సంగతి మరోసారి.

ఇక వాల్వ్. ‘ఉష్ణనియంత్రక కవాటం’ అని ఎవరో ఒకరు రాసే ఉంటారు. కవాటాలు గుండెకు ఉండనివ్వండి. దాని లోపల మైనం నింపిన గుళిక ఉంటుంది. వేడికి ఉబ్బి, చల్లబడితే ముడుచుకుని, రెండు దారులనూ తగుమాత్రం తెరుస్తూ మూస్తూ ఉంటుంది. చన్నీళ్లు ఆగిపోతే వేణ్ణీళ్లనూ కట్టేస్తుంది. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్న సామెతే ఇత్తడిలో పోత పోసినట్టుంది. వేణ్ణీళ్లలో చన్నీళ్లు కలిపి వేడి సరిచేసే ఈ పనిని పాతతరం ఆడవాళ్లు ‘నీళ్లు తొరపడం’ అనేవారు. తొరుపుడు వాల్వ్ అనవచ్చునా? అనవచ్చుననే నాకు తోస్తోంది, పట్టుబట్టను. ప్లంబర్‌తో మాత్రం థర్మోస్టాటిక్ వాల్వ్ అనే అనండి, లేకపోతే వేరే సామాను తెస్తాడు.

ఒక్క చిక్కు. రోహిణి కార్తెలో మేడమీది ట్యాంకు నీళ్లే కాగిపోతాయి. చాలా వాల్వులకు, పొరపాటున వేడి పెంచేయకుండా, 38 డిగ్రీల దగ్గర అడ్డుబొత్తం ఉంటుంది. ట్యాంకు నీళ్లే అంతకు మించితే వాల్వ్ చేయగలిగిందేమీ లేదు. దానికి కలపడమే వచ్చు, చల్లార్చడం రాదు. ఆ పదిహేను రోజులూ ‘చన్నీళ్లు’ అన్న చీటీ వ్యాకరణరీత్యా ఒప్పే, అర్థరీత్యా అబద్ధం.

చీటీలో ణకు ణ ఒత్తే ఇవ్వమనండి. న రాసి న ఒత్తు ఇచ్చినా తగువుకు రాను. ఎడమది వేణ్ణీళ్లు, కుడిది చన్నీళ్లు అన్నది సాధారణ వాడుక. మీ వాల్వ్ మీది గుర్తులు చూసుకుని మరీ అంటించండి.