కాలేజీ ఆట అయిపోయాక

అమ్మడూ,

మార్చితో నీ కాలేజీ బాస్కెట్‌బాల్ అయిపోతుంది, తర్వాత ఏం చెయ్యాలో తోచట్లేదని రాశావు. ఇక్కడి పిల్లలకి ఇన్నేళ్లుగా ఈ ఆట నేర్పుతున్నాను కాబట్టి చెబుతున్నా, ఈ టెన్షన్ నీ ఒక్కదానిదే కాదు. అమెరికాలో కాలేజీకి ఆడేవాళ్లలో ప్రొఫెషనల్ లీగుల దాకా వెళ్లేది నూటికి ఒకరు అటూ ఇటూగా, అంతే.

బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ బ్రాడ్లీ గురించి నీకు చెప్పాలి. నేను న్యూజెర్సీకి వచ్చేనాటికి ఆయన మా సెనేటర్. మిస్సోరీలో క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు బూట్లలో సీసం బరువులు పెట్టుకుని, కింద బంతి కనబడకుండా కళ్లజోడు అడుగున అట్టముక్క అంటించుకుని, కుర్చీలు అడ్డంగా పెట్టి వాటి మధ్య డ్రిబ్లింగ్ చేసేవాడు, అదీ రోజూ గంటల తరబడి. డ్యూక్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌తో పిలిచినా వద్దనుకుని, ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చేరాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం, 1965లో ఫైనల్ ఫోర్‌లో, అంటే కాలేజీల జాతీయ టోర్నీ చివరి నాలుగు జట్ల దశలో, విచిటా స్టేట్ జట్టు మీద ఒక్కడే 58 పాయింట్లు. అంత పేరొచ్చాక, న్యూయార్క్ నిక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు ఎదురుచూస్తుంటే, ఆయన రోడ్స్ స్కాలర్‌షిప్ మీద చదువుకోడానికి ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లిపోయాడు! అక్కడ ఒకరోజు ఒంటరిగా జిమ్‌లో బంతి వేస్తుంటే తనకి ఆట ఎంత కావాలో తెలిసొచ్చిందట, 1967లో తిరిగొచ్చి నిక్స్‌కి ఆడాడు.

నువ్వు బాగా చూడాల్సింది ఆ తర్వాతి సంగతి. మొదటి సీజన్‌లో గార్డ్‌గా, అంటే బుట్టకి దూరంగా బంతి నడిపే చోట, ఆడిస్తే ఎదుటివాళ్ల వేగం అందుకోలేకపోయాడు, సొంత ప్రేక్షకులే గేలి చేశారు. మరుసటి సీజన్‌లో బుట్టకి ఇంకాస్త దగ్గరగా ఆడే ఫార్వర్డ్‌గా మార్చేసరికి ఆట కుదిరింది, 1970లోనూ 1973లోనూ జట్టు ఛాంపియన్. అందుకే నీ మొదటి ఉద్యోగంలో తడబడితే నేను పనికిరానని అనుకోవద్దు, కూర్చున్న సీటు నీది కాకపోవచ్చు. మారాలంటే అడుగు, సిగ్గుపడకు. ఆయన 1978లో సెనేట్‌కి గెలిచి 1997 దాకా ఉన్నాడు, 1986లో వచ్చిన పన్ను సంస్కరణ కోసం అంతకు నాలుగేళ్ల ముందు నుంచే పట్టుబట్టి తిరిగాడు. కుర్చీల మధ్య బంతి కొట్టిన పిల్లాడి పట్టుదలే అది, నాకైతే అలాగే కనిపిస్తుంది.

ఇక నీ పని. సీజన్ మధ్యలో ఉన్నా సరే ఈ వారమే కెరీర్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో, మార్చి దాకా ఆగకు. రెజ్యూమెలో ఆటని చివర ఒక లైన్‌గా పెట్టొద్దు. వారానికి ఎన్ని గంటల ప్రాక్టీసు చేస్తూ ఎంత జీపీఏ (మార్కుల సగటు) నిలబెట్టావో రాయి, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. నీ కాలేజీ జట్టుకి నీకంటే ముందు ఆడినవాళ్లకి ఫోన్ చెయ్యి, ఒక్కరికి కాదు, వరసపెట్టి అందరికీ. వాళ్లు తప్పకుండా మాట్లాడతారు.

మోకాలి సంగతి మీ ట్రైనర్ ఉండగానే చూపించుకో, ఆ సదుపాయం చదువు అయ్యాక ఇంత తేలిగ్గా దొరకదు. ప్రాక్టీసు ఆగినా ఆకలి వెంటనే తగ్గదు కాబట్టి తిండి నువ్వే తగ్గించుకోవాలి. వారానికి రెండు రోజులు ఎక్కడో ఒక చోట ఆడుతూనే ఉండు, పూర్తిగా మానేస్తే మనసు చాలా పాడవుతుంది, ఆ దిగులు నేను చాలామంది పిల్లల్లో చూశాను.

రెజ్యూమె తయారవగానే పంపు, ఆదివారం పెద్దమ్మా నేనూ కూర్చుని చూసి ఫోన్ చేస్తాం.

మీ పెదనాన్న