నేల విడిచి సాము చెయ్యకు: స్కాట్లాండ్ వెళ్లే మేనల్లుడికి

ఒరేయ్ కిట్టూ,

ఆశీస్సులు. జూన్‌లో ఎడిన్‌బరా వెళ్తున్నావనీ, ఆఫీసు పని ముగిశాక వారం రోజులు గోల్ఫ్ ఆడతావనీ రాశావు, సంతోషం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు "పచ్చగా కూడా ఉండదు, బీడు భూమిలా ఉంటుంది, దానికి మూడొందల పౌండ్ల పైన దండగ" అని మీ గోల్కొండ గోల్ఫ్ బ్యాచ్ తేల్చేశారట. అదేం కొత్త మాట కాదులే. 1946లో అమెరికా ఆటగాడు శామ్ స్నీడ్ రైలు కిటికీలోంచి దాన్ని చూసి, ఎప్పుడో వదిలేసిన గోల్ఫ్ కోర్సు కాబోలు అనుకున్నాడు. ఆ తర్వాత అక్కడే ఆ ఏడాది ఓపెన్ టోర్నీ గెలిచాడు. ఇంకో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ అయితే 1921 ఓపెన్‌లో పదకొండో హోల్ బంకర్ (ఇసుక గుంట) దగ్గర విసిగిపోయి టోర్నీ నుంచే తప్పుకున్నాడు. 1927లో అదే కోర్సులో ఓపెన్ గెలిచాడు, 1958లో ఆ ఊరు పిలిచి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. మీవాళ్ల తీర్పు కూడా మారడానికి టైం ఉంది.

పచ్చగా ఉండటం వరి పొలానికి అందం. లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉన్న ఇసుక నేల. వాన పడితే నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, సన్నటి ఫెస్క్యూ లాంటి గడ్డే అక్కడ బాగా బతుకుతుంది. అందుకే నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక ఇరవై ముప్ఫై గజాలు దొర్లుతుంది. గాలిలో ఎగరేసి గ్రీన్ (జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద టప్పున ఆపే ఆట మన దగ్గర మెత్తటి బెర్ముడా గడ్డి మీద, వానాకాలంలో నడుస్తుంది. అక్కడ అది నేల విడిచి సాము. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ ఒక్క మాటకి వివరణే అనుకో.

ముందు నీ దూరాల లెక్క సరిచేసుకో. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల పైన ఉంది, మన ఎండలో గాలి పల్చగా ఉంటుంది. అక్కడ సముద్రం ఒడ్డున, పన్నెండు పదమూడు డిగ్రీల చలిలో ఆడాలి. ఇక్కడ నీ 7 ఐరన్ క్లబ్‌తో (కర్రతో) బంతి 150 గజాలు పోతే, అక్కడ గాలి లేని రోజున కూడా 142 దాటడం కష్టం. దీనికి గాలి లెక్క కలుపు. ఎదురుగాలి గంటకి ఒక్కో మైలుకి ఒక్కో శాతం దూరం పెంచుకో, వెనకగాలికి అందులో సగం తగ్గించుకో. అంటే 150 గజాల షాట్‌కి 20 మైళ్ల ఎదురుగాలి ఉంటే 180 గజాల క్లబ్ తియ్యాలి. అదే గాలి వెనక నుంచి వస్తే 135కి కొడితే చాలు, ఆపైన నేల దొర్లిస్తుంది కాబట్టి ఇంకా తక్కువ.

ఎదురుగాలికి అందరూ చేసే తప్పు బలంగా కొట్టడం. బలం పెరిగితే బంతికి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, గాలిపటంలా పైకి లేచి నీ ముందే పడుతుంది. రెండు మూడు క్లబ్బులు పెద్దది, అంటే ఇంకా దూరం పోయేది, తీసుకో, పిడిని ఒక అంగుళం కిందకి పట్టుకో, బంతిని నిలుచునే చోట ఒక బంతి వెడల్పు వెనక్కి జరుపుకో, ముప్పావు స్వింగ్‌తో నెమ్మదిగా కొట్టు. అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ వాడేటప్పుడు బంతి కింద పెట్టే టీ పుల్లని మరీ కిందకి దింపకు. దింపితే చెయ్యి పైనుంచి కిందకి నరుకుతుంది, మళ్లీ అదే స్పిన్. పక్కగాలితో పోట్లాటకి దిగకు. ఎంత పక్కకి తోస్తుందో చూసుకుని అంత అటు గురి పెట్టు, గాలే తీసుకొస్తుంది.

గ్రీన్ చుట్టూ ఆడే షాట్లకి బంతిని నిటారుగా పైకి లేపే నీ 60 డిగ్రీల వెడ్జ్ ఇంట్లోనే వదిలెయ్. నువ్వు వాడేది బౌన్స్ (క్లబ్ అడుగు వాలు) ఎక్కువున్నది, పన్నెండు పధ్నాలుగు డిగ్రీలు ఉంటుంది కదా? ఇక్కడి మెత్తటి నేలలో అది దిగబడకుండా కాపాడుతుంది. అక్కడి గట్టి నేల మీద అదే వెడ్జ్ అడుగు తగిలి ఎగిరి, దాని అంచు బంతి నడుముకి తగులుతుంది. బంతి గ్రీన్ దాటి అవతలి పొదల్లోకి పోతుంది. ఒక్క 54 డిగ్రీల వెడ్జ్ చాలు, బౌన్స్ ఆరు ఎనిమిది మధ్య ఉన్నది.

దొర్లించే షాట్‌కి ఒక సులువు లెక్క ఉంది. పన్నెండులోంచి క్లబ్ నంబరు తీసెయ్, వచ్చింది దొర్లుడు. 9 ఐరన్ అయితే గాలిలో ఒక వంతు, నేల మీద మూడు వంతులు. 8 అయితే నాలుగు, 7 అయితే ఐదు. పిచింగ్ వెడ్జ్‌ని పది అనుకుంటే రెండు. ఇది మామూలు గ్రీన్‌కి వేసిన లెక్క, లింక్స్‌లో ఇంకో వంతు కలుపుకో. గడ్డి పొట్టిగా ఉండి మధ్యలో ఏ అడ్డూ లేకపోతే ముప్ఫై గజాల నుంచి కూడా నేల మీద దొర్లించే పట్టరే వాడు. సిగ్గు పడక్కర్లేదు, అక్కడ నీ క్లబ్బుల సంచి మోసే క్యాడీ మొదట చేతికిచ్చేది అదే. ఇప్పటి నుంచి వారానికి రెండు సాయంత్రాలు అరవై అడుగుల పట్‌లు ఇరవై చొప్పున కొట్టు. ఓల్డ్ కోర్సులో గ్రీన్లు అంత పెద్దవి. మన బెర్ముడా గ్రీన్ మీద గడ్డి మొగ్గిన వైపు చూస్తావే, అక్కడ దానికి బదులు గాలి చూడాలి. గాలికి నిలబడ్డ బంతి కూడా కదులుతుంది, అందుకే అక్కడ గ్రీన్లని మరీ వేగంగా ఉంచరు. వేగం తక్కువని తిట్టుకోకు.

బంకర్ గురించి మీవాళ్లు చెప్పేది ఒక్కటీ పట్టించుకోకు. మన బంకర్లు పళ్లేల్లాంటివి, అవి బావులు. మట్టిగడ్డలు ఇటుకల్లా పేర్చి కట్టిన నిటారు గోడ ఉంటుంది. చుట్టూ నేల అటే వాలి ఉంటుంది కాబట్టి దగ్గరికొచ్చిన బంతిని లోపలికి లాక్కుంటుంది. బంతి గోడకి దగ్గరగా ఉంటే జెండా సంగతి మరిచిపోయి పక్కకో, వెనక్కో కొట్టు. ఒక్క షాట్ పోతుంది, అంతే. ఓల్డ్ కోర్సులోనే 1978 ఓపెన్‌లో టామీ నకజిమా పదిహేడో హోల్ బంకర్‌లోంచి నాలుగు షాట్లకి గానీ బయటపడలేదు, ఆ హోల్‌కి తొమ్మిది రాసుకున్నాడు. 1995లో జాక్ నిక్లాస్‌కి పధ్నాలుగులో హెల్ బంకర్ దగ్గర అదే గతి, పది. 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో 72 హోల్స్ ఆడి ఒక్క బంకర్‌లోనూ పడలేదు, పార్ (కోర్సుకి నిర్ణయించిన షాట్ల లెక్క) కన్నా 19 తక్కువతో గెలిచాడు. పక్కకి కూడా దారి లేకపోతే రూల్స్‌లో ఒక తలుపు ఉంది. ఆడలేని బంతి అని చెప్పి, ఒక పెనాల్టీ షాట్ లెక్కేసుకుని బంకర్ లోపలే వేరే చోట చేత్తో వదిలి (డ్రాప్) ఆడొచ్చు. రెండు పెనాల్టీలు తీసుకుంటే జెండాకీ బంతికీ సూటి గీతలో బంకర్ వెనకాల, బయట డ్రాప్ చేసుకోవచ్చు. నీ హ్యాండికాప్‌కి, అంటే నీ ఆట స్థాయికి, రెండోది లాభమే.

ఇక ఓల్డ్ కోర్సు. మొత్తం 112 బంకర్లు. ఏడు గ్రీన్లు జంట గ్రీన్లు, రెండేసి హోల్స్ ఒకే గ్రీన్ మీద. రెండు, పదహారు. మూడు, పదిహేను. ఏ జంట కూడినా పద్ధెనిమిదే. పోయేటప్పుడు తెల్ల జెండా, తిరిగొచ్చేటప్పుడు ఎర్ర జెండా. జెండా రంగు చూడకుండా కొట్టి ఎనభై గజాల పట్ మిగుల్చుకునేవాళ్లు రోజూ ఉంటారు. ఇప్పుడు కోర్సుని అప్రదక్షిణంగా ఆడతారు, పూర్వం ప్రదక్షిణంగా కూడా ఆడేవారు. అందుకే పన్నెండో హోల్ ఫెయిర్‌వే (పొట్టి గడ్డి దారి) మధ్య బంకర్లు టీ నుంచి, అంటే మొదటి షాట్ కొట్టే చోటు నుంచి, కనబడవు. అవి అటు నుంచి వచ్చేవాడి కోసం తవ్వినవి. ఉత్త మైదానంలా కనిపిస్తుందని డ్రైవర్ తియ్యకు, క్యాడీని అడుగు, లేదా దూరాలు రాసి ఉండే యార్డేజ్ పుస్తకం చూడు.

అప్రదక్షిణం కావడం వల్ల నీలాంటి, బంతి కుడికి వంగిపోయే స్లైస్‌గాడికి ఒక కష్టం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ముప్పు కుడివైపే, ముళ్ల గోర్స్ పొదలు, గోడలు, అవుట్ ఆఫ్ బౌండ్స్ (కోర్సు హద్దు అవతల). ఎడమ పక్క అవతలి హోల్ ఫెయిర్‌వే, కాబట్టి బంతి దొరుకుతుంది. కానీ ఎడమ నుంచి గ్రీన్‌కి దారి బంకర్లతో మూసుకుని ఉంటుంది. ఈ బేరమే ఆ కోర్సు గొప్పతనం, ఈ బేరం అర్థం కానివాళ్లే దాన్ని బీడు అంటారు. నువ్వు మొదటిసారి కాబట్టి ఎడమకే ఆడు, రెండో షాట్‌తో గ్రీన్ ముందు దాకా వచ్చి ఆగు, బోగీలు (పార్ కన్నా ఒకటి ఎక్కువ) రాసుకో.

ఒకటో హోల్‌ ఫెయిర్‌వే ప్రపంచంలోకెల్లా వెడల్పైనదంటారు, అయినా వెనక నిలబడి చూసే జనానికి భయపడి కుడికి అవుట్ కొట్టేవాళ్లు కోకొల్లలు. డ్రైవర్ కాకుండా చిన్నదైన హైబ్రిడ్ తియ్యి, ఎడమకి కొట్టు. గ్రీన్‌కి ఆనుకునే స్విల్కన్ వాగు ఉంది, రెండో షాట్‌కి ఒక క్లబ్ ఎక్కువ తీసుకో. గ్రీన్ వెనకాల పడితే ఏం కాదు. పదిహేడులో డ్రైవ్ హోటల్ షెడ్డు మీదుగా పోవాలి, గోడ మీది అక్షరాల్లో ఏ అక్షరం మీద కొట్టాలో క్యాడీ చెప్తాడు. ఆ పార్ 4ని పార్ 5 అనుకుని ఆడు. గ్రీన్ ముందు కుడివైపు ఆపి, పట్టర్‌తో ఎక్కించు. ఎడమ బంకర్ నకజిమాది. గ్రీన్ దాటితే రోడ్డు, దాని వెనక గోడ. రోడ్డు మీద పడితే ఊరట లేదు, ఉన్నచోటే ఆడాలి. పద్ధెనిమిదిలో ఆర్ అండ్ ఏ గోల్ఫ్ క్లబ్ భవనం గడియారం వైపు గురి. గ్రీన్ ముందు పల్లం ఉంది, వ్యాలీ ఆఫ్ సిన్ అంటారు. అక్కడ వెడ్జ్ తీస్తే బంతి తిరిగి నీ కాళ్ల దగ్గరికే వస్తుంది. 1995లో కాన్‌స్టాంటినో రోకా ఆ పల్లంలోంచి పట్టర్‌తోనే హోల్‌లో వేశాడు.

ఇక టీ టైం, అంటే ఆట మొదలుపెట్టే వేళ సంగతి. ముందే బుక్ కాకపోతే రోజూ బ్యాలట్ (లాటరీ) ఉంటుంది. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటల లోపు పేర్లివ్వాలి, కనీసం ఇద్దరు ఉండాలి. ఒంటరిగా ఉంటే ముందురోజు అక్కడికే స్వయంగా వెళ్లి పేరు రాయించుకోవాలి, సాయంత్రం డ్రా తీస్తారు. తెల్లవారుజామున క్యూలో పడుకునే పద్ధతి 2024లో పోయింది. హ్యాండికాప్ సర్టిఫికెట్ ఇక్కడ క్లబ్‌లోనే తీసుకుని పెట్టుకో. అదృష్టం లేకపోతే ఏడుపు మొహం పెట్టకుండా పక్కనే ఉన్న న్యూ కోర్సు ఆడు. న్యూ అంటే 1895 నాటిది! ఆటగా చూస్తే అది ఓల్డ్ కన్నా సూటిగా ఉంటుందని వాదించేవాళ్లు ఆ ఊళ్లోనే చాలామంది.

వారం మొత్తం ఓల్డ్ కోసం కాచుకు కూర్చోకు. ఎడిన్‌బరా నుంచి రైలు దూరంలో నార్త్ బెరిక్ ఉంది. నన్నడిగితే ఒక్క రోజే ఉన్నవాడు అక్కడికే పోవాలి. పదమూడో గ్రీన్‌కి అడ్డంగా రాతి గోడ, దాని మీదుగా కొట్టాలి. పదిహేనో హోల్ రెడాన్, పార్ 3, ప్రపంచమంతా కాపీ కొట్టింది దాన్నే. గ్రీన్ ముందు కుడి నుంచి వెనక ఎడమకి వాలి ఉంటుంది, జెండా మీదికి కాకుండా కుడి భుజం మీద దింపితే అదే దొర్లుకుంటూ పోతుంది. ఎలీ అనే ఊరి కోర్సులో మొదటి టీ దగ్గర గుట్ట అవతల ముందువాళ్లు వెళ్లారో లేదో చూడటానికి జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టారు, కోర్సు మొత్తంలో ఒక్క పార్ 5 కూడా లేదు. పార్ 5 లేకపోతే కోర్సు కాదనే మీ బ్యాచ్ వాళ్లని ఒకసారి అక్కడికి పంపాలి. మసెల్‌బరా పాత లింక్స్ తొమ్మిది హోల్సే, గుర్రప్పందేల మైదానం మధ్యలో ఉంటుంది, పాతకాలపు హికరీ క్లబ్బులు అద్దెకిస్తారు. ఒక సాయంత్రానికి సరిపోతుంది. కార్నౌస్టీ మాత్రం ఈసారికి వద్దు. కష్టమే గొప్ప అనుకునేవాళ్ల కోర్సు అది. 1999 ఓపెన్‌లో గెలుపు అంచున ఉన్న వాన్ డి వెల్డ్‌కి పద్ధెనిమిదో హోల్లో బ్యారీ వాగు ఏం చేసిందో తెలుసు కదా.

బండ్లు ఉండవు, మోసుకోవాలి. అందుకే పద్నాలుగు క్లబ్బులు అక్కర్లేదు, పదకొండు చాలు. డ్రైవర్, 5 వుడ్, ఒక హైబ్రిడ్, 5 నుంచి 9 దాకా ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, ఆ 54, పట్టర్. గొడుగు వద్దు, గాలికి తిరగబడుతుంది. వాన ప్యాంటూ కోటూ, తడిస్తే పట్టు పెరిగే వాన గ్లౌజుల జత, ఉన్ని టోపీ, రెండు తువ్వాళ్లు. క్యాడీ డబ్బులు వేరే, నోట్లుగా ఉంచుకో. రౌండ్ నాలుగు గంటల్లో అయిపోవాలి. బంతి కోసం మూడు నిమిషాలే వెతకాలి, అనుమానం ఉంటే ముందే ప్రొవిజనల్ (బదులు) బంతి కొట్టు. మన దగ్గర దెబ్బ తగిలిన చోట ఇసుక పోస్తాం, అక్కడ ఊడిన గడ్డిపెళ్లని తెచ్చి అదే చోట పెట్టి తొక్కాలి. మర్చిపోతే క్యాడీ అరుస్తాడు.

ఆదివారం ఓల్డ్ కోర్సు మూసేస్తారు, ఆ రోజు ఊరివాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు. కుదిరితే శనివారం రాత్రికే చేరు. లూకార్స్‌లో రైలు దిగితే బస్సు ఉంటుంది. ఆదివారం పొద్దున్నే క్లబ్బుల్లేకుండా కోర్సంతా నడు. పద్ధెనిమిది నుంచి ఒకటి వైపు వెనక్కి నడిస్తే బంకర్లన్నీ కనబడతాయి. గ్రీన్ల మీదికి మాత్రం ఎక్కకు, అంచున నిలబడి ఏ వైపు వాలిందో కాగితం మీద రాసుకో. తిరిగొచ్చాక పక్కనున్న హిమాలయాస్ పట్టింగ్ మైదానంలో నాలుగైదు పౌండ్లు పెట్టి ఒక గంట ఆడు. 1867 నుంచి ఆడవాళ్ల క్లబ్‌ది అది. ఆ మిట్టపల్లాల మీద కుదిరిన చెయ్యి సోమవారం పనికొస్తుంది.

స్కోర్ కార్డు ఫోటో తీసి పంపు.

ఇట్లు,
మామయ్య