బ్లాక్‌జాక్‌కి ఎంత ఇస్తారో చదివాకే కుర్చీ లాక్కోండి

సందేహం: లాంగ్ వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో లాస్ వేగస్ వెళ్తున్నాం. అందరం ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుకుంటున్నవాళ్ళమే. క్యాసినోలో కాస్త మేలైన ఆట బ్లాక్‌జాక్ ఒక్కటే అంటున్నారు. 15 డాలర్ల టేబుల్ చూసుకుని కూర్చుంటే చాలా? గెలిస్తే టాక్స్ సంగతేంటి?

సమాధానం: మినిమమ్ ఎంతో చెప్పే బోర్డు తర్వాత చూడొచ్చు, ముందు బల్ల మీద పరిచిన గుడ్డ చూడండి. దాని మీద వంపుగా ఒక లైను రాసి ఉంటుంది. ‘బ్లాక్‌జాక్ పేస్ 3 టు 2’ అని ఉందా, ‘6 టు 5’ అని ఉందా? గంటకి మీ డబ్బు ఎంత కరుగుతుందో చాలావరకు ఆ లైనే తేల్చేస్తుంది.

మొదటి రెండు ముక్కల్లో ఒక ఆసు, ఒక పది విలువ ముక్క (పది, జాకీ, రాణి, రాజు) వస్తే అది బ్లాక్‌జాక్. 3:2 టేబుల్ మీద 10 డాలర్లు కాస్తే 15 ఇస్తారు. 6:5 టేబుల్ మీద 12 ఇస్తారు. ఆరు, అయిదు పెద్ద అంకెలు కాబట్టి అదే ఎక్కువని కొత్తవాళ్ళు పొరబడుతుంటారు. 3:2 అంటే ఒకటిన్నర రెట్లు, 6:5 అంటే 1.2 రెట్లు, అంతే.

మూడు డాలర్ల తేడాకి ఇంత గోల ఎందుకంటారా? ఆరు పేకల ఆటలో దాదాపు 21 చేతులకి (ఒకసారి పంచి తేల్చే ఆట ఒక చెయ్యి) ఒకసారి బ్లాక్‌జాక్ పడుతుంది. డీలర్‌కీ అదే పడి పందెం వెనక్కొచ్చే సందర్భాలు తీసేస్తే, నూటికి నాలుగున్నర సార్లు మీకు ఆ బహుమతి అందుతుంది. అలా అందిన ప్రతిసారీ పందెంలో 30 శాతం కోత. మొత్తం మీద చూస్తే మీరు కాసే ప్రతి డాలరు మీదా అదనంగా 1.36 శాతం క్యాసినోకి పోతుంది. ఆట సరిగ్గా వచ్చినవాళ్ళకి, సాఫ్ట్ 17 (ఆసుని 11గా లెక్కేస్తే వచ్చే 17) మీద డీలర్ ముక్క తీసుకునే మామూలు 3:2 టేబుల్‌లో హౌస్ ఎడ్జ్, అంటే పందెంలో సగటున క్యాసినోకి మిగిలే వాటా, 0.6 శాతం దగ్గర ఉంటుంది. అదే టేబుల్‌ని 6:5 చేస్తే రెండు శాతం.

ఇప్పుడు మీ 15 డాలర్ల టేబుల్ లెక్క చూద్దాం. గంటకి 70 చేతులు ఆడారనుకోండి. 6:5 మీద చేతికి 15 చొప్పున కాస్తే సగటు నష్టం గంటకి 21 డాలర్లు. 3:2 మీద చేతికి 25 కాసినా పది డాలర్ల చిల్లర. పెద్ద మినిమమ్ ఉన్న బల్ల దగ్గరే సగం ఖర్చుతో ఆట అయిపోతుంది! ఇదంతా ఏ చేతికి ఏం చేయాలో చెప్పే బేసిక్ స్ట్రాటజీ పట్టిక తప్పకుండా పాటిస్తేనే. మనసుకి తోచినట్టు ఆడేవాళ్ళు దీని మీద ఇంకో శాతమో, రెండు శాతాలో కలుపుకోవాలి.

అలాగని చేతిలో 200 పెట్టుకుని 25 టేబుల్‌కి వెళ్ళొద్దు. సగటు వేరు, ఊపు వేరు. 70 చేతుల్లో తొమ్మిది పది పందాలు అటో ఇటో పోవడం మామూలే. 25 టేబుల్ మీద అంటే 240 డాలర్లు. విద్యార్థి జేబుకి తగ్గది 10, 15 డాలర్ల 3:2 టేబుల్. అది స్ట్రిప్ (పెద్ద క్యాసినోలున్న ప్రధాన వీధి) మీది పెద్ద హోటళ్ళలో దొరకడం కష్టం. అక్కడ చిన్న మినిమమ్ బల్లలు ఎక్కువగా 6:5కి మారిపోయాయి, 3:2 కావాలంటే 25, 50, శనివారం రాత్రి 100 కూడా అడుగుతారు. డౌన్‌టౌన్‌లోనూ, ఊళ్ళోవాళ్ళు వెళ్ళే స్ట్రిప్ బయటి క్యాసినోల్లోనూ వెతకండి. డౌన్‌టౌన్‌లోని ఎల్ కోర్టెజ్‌కి ఒంటి పేక 3:2 ఆటలో చాలాకాలంగా పేరుంది. ఎక్కడికి వెళ్ళినా గుడ్డ మీద లైను మాత్రం మీ కళ్ళతో చదవాల్సిందే, పక్కపక్క బల్లలకే వేర్వేరు రేట్లుంటాయి.

క్యాసినోలు ఇంత ధైర్యం ఎలా చేశాయో తెలుసుకుంటే తర్వాతి మార్పుని మీరే పసిగట్టగలరు. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితాచార్యుడు పడిన ముక్కలు గుర్తుపెట్టుకుని ఈ ఆట గెలవొచ్చని పుస్తకం రాసి నిరూపించాడు. బెదిరిన లాస్ వేగస్ క్యాసినోలు 1964లో పందెం రెట్టింపు చేసుకోవడం మీదా, ఆసులు విడగొట్టడం (రెండు ఆసులు వస్తే రెండు చేతులుగా ఆడటం) మీదా ఆంక్షలు పెట్టాయి. జనం బల్లలు వదిలి లేచిపోయారు. కొద్ది వారాల్లోనే పాత రూల్స్ తిరిగొచ్చాయి. రెట్టింపు చేయనివ్వకపోతే అది కళ్ళెదుట కనబడుతుంది, కోపం వస్తుంది. 6:5లో బ్లాక్‌జాక్ పడినవాడు నవ్వుతూనే డబ్బు తీసుకుంటాడు, రావలసిన మూడు డాలర్లు రాలేదన్న సంగతి తోచదు. 2000ల మొదట్లో ఈ రేటుని ముందు ఒంటి పేక ఆటల్లో పెట్టారు. ఒంటి పేక ఆటగాడికి మంచిదన్న పాత మాట నమ్మి జనం ఎగబడ్డారు. అది నిలదొక్కుకున్నాక ఆరు, ఎనిమిది పేకల ఆటల్లోకీ తెచ్చారు. రౌలెట్‌లోనూ ఇదే కథ. రెండు సున్నాల చక్రం 5.26 శాతం తీసుకుంటుంది, ఇప్పుడు స్ట్రిప్ మీద కనబడే మూడు సున్నాల చక్రం 7.69 శాతం.

ముక్కలు లెక్కపెట్టేవాళ్ళకి 6:5 ఒక్కటే చాలు, ఆట చచ్చినట్టే. ట్రూ కౌంట్ (మిగిలిన ముక్కల్లో పెద్దవి ఎంత ఎక్కువున్నాయో చెప్పే అంకె) ఒక పాయింటు పెరిగితే ఆటగాడికి అరశాతం మేలు. రెండు శాతం లోటుతో మొదలైతే ప్లస్ నాలుగు వచ్చేసరికి గానీ సమానం కాదు, అది అరుదు. అందుకే లెక్కగాళ్ళు ఆ బల్లల వంక చూడరు. 3:2 టేబుళ్ళ దగ్గర వాళ్ళని అడ్డుకోవడానికి షూలో (పేకలు పెట్టి పంచే పెట్టె) ఎక్కువ పేకలు పంచకుండానే మళ్ళీ కలపడం, మధ్యలో కొత్తవాళ్ళని చేరనివ్వకపోవడం, ఆగకుండా కలిపే మెషిన్లు పెట్టడం చేస్తారు. ఆ మెషిన్ వల్ల మామూలు ఆటగాడికీ నష్టమే. కలపడానికి ఆగడం ఉండదు కాబట్టి గంటకి ఎక్కువ చేతులు పడతాయి, ఎక్కువ చేతులంటే ఎక్కువ నష్టం.

బుర్రలో లెక్కపెట్టడం నేరం కాదు. అయినా నెవాడాలో క్యాసినో మిమ్మల్ని ఆడొద్దని పంపేయొచ్చు. వెళ్ళమన్నాక తిరిగొస్తే ట్రెస్‌పాస్ కేసు. న్యూజెర్సీలో మాత్రం 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కెన్ ఉస్టన్ అనే లెక్కగాడి కేసులో, లెక్కపెడుతున్నారన్న కారణంతో ఎవరినీ బయటికి పంపకూడదని తేల్చింది. కానీ ఫోన్‌లో యాప్ పెట్టుకుని లెక్కపెట్టడం వేరు. నెవాడాలో ముక్కలు లెక్కించే పరికరం వాడటం ఫెలొనీ (తీవ్రమైన నేరం). వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మాట ఎంత బరువో చెప్పక్కర్లేదు. బేసిక్ స్ట్రాటజీ అచ్చు కార్డు ఎదురుగా పెట్టుకుని ఆడితే సాధారణంగా ఎవరూ ఏమనరు. గిఫ్ట్ షాపులోనే అమ్ముతారు, కొనుక్కోండి. ఫోన్ జేబులోనే ఉంచండి.

ఆడేటప్పుడు ఇన్సూరెన్స్ (డీలర్ ముందు ఆసు ఉన్నప్పుడు అతనికి బ్లాక్‌జాక్ ఉందని విడిగా కాసే పందెం) జోలికి పోవద్దు. ఆరు పేకల్లో ఆ పందెం మీద ఏడు శాతం పైనే పోతుంది. మీకు బ్లాక్‌జాక్ పడి డీలర్ ముందు ఆసు ఉంటే ‘ఈవెన్ మనీ?’ అని అడుగుతారు, అంటే డీలర్ ముక్క చూడకముందే పందెమంత మాత్రమే తీసుకుంటారా అని. 3:2 టేబుల్ మీద వద్దనండి, ఆగితే సగటున పందెం మీద దాదాపు 1.04 రెట్లు వస్తుంది. చిత్రమేమిటంటే 6:5 టేబుల్ మీద ఇది తిరగబడుతుంది. అక్కడ ఆగితే సగటు 0.83 రెట్లే, కాబట్టి ఈవెన్ మనీ ఇస్తామంటే వెంటనే తీసుకోండి. చాలాచోట్ల ఇవ్వరు, ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. 6:5 మీద తప్పక ఆడాల్సి వస్తే అయిదు గుణిజాల్లోనే కాయండి. ఏడు డాలర్లు కాస్తే 8.40 రావాలి, చిల్లర లేదని ఎనిమిదే ఇచ్చే టేబుళ్ళున్నాయి. ‘డీలర్ 22 పుష్’ (డీలర్‌కి 22 వస్తే మీరు గెలవకుండా పందెం వెనక్కి రావడం) లాంటి కొత్త రూల్ కనబడితే, ఎదురుగా ఏదో ఆశ చూపించి ఇంకోవైపు నుంచి లాక్కుంటున్నారనే అర్థం. పక్క పందాలు (సైడ్ బెట్స్) అసలు వద్దు. డీలర్ చేతికి డబ్బు ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ముక్కలు ముఖం పైకి పంచే ఆటలో వాటిని ముట్టుకోకూడదు. క్రెడిట్ కార్డు గీసి క్యాష్ తీశారా, ఫీజుతో పాటు వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

టాక్స్‌కి వస్తే, ఎఫ్-1 మీద వచ్చిన మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా టాక్స్ లెక్కలో మీరు నాన్‌రెసిడెంట్. నాన్‌రెసిడెంట్‌కి బ్లాక్‌జాక్, బకరా, క్రాప్స్, రౌలెట్, బిగ్ సిక్స్ వీల్ మీద వచ్చిన గెలుపుకి ఫెడరల్ టాక్స్ లేదు. స్లాట్ మెషిన్ అలా కాదు. జాక్‌పాట్ పడితే 30 శాతం అక్కడికక్కడే పట్టుకుని 1042-ఎస్ అనే ఫారం ఇస్తారు. భారత్‌తో ఉన్న ఒప్పందం ఇందులో మినహాయింపు ఇవ్వదు, పోగొట్టుకున్నది చూపించి తగ్గించుకోవడానికీ వీల్లేదు. ఆ కాగితం పారేయకుండా 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ల టాక్స్ రిటర్న్)తో పాటు చూపించండి. రేపు హెచ్-1బీకి మారి రెసిడెంట్ అయ్యాక ఈ మినహాయింపు పోతుంది. అప్పుడు బ్లాక్‌జాక్ గెలుపు కూడా ఆదాయమే. నష్టాలు చూపించుకోవాలంటే ఐటెమైజ్ చేయాలి (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపించాలి), 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి నష్టంలో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. ఎంత పెట్టారో, ఎంతతో లేచారో తేదీ వేసి ఆ రాత్రే రాసిపెట్టుకోండి.